కుక్క తిన్న కొండ

వెంట్ హిల్ మీద కొత్తగా పాతిన బోర్డు గులాబీరంగు చూడగానే హెస్టర్ పెల్లింగ్‌కి ఒళ్ళు మండింది. కింద సముద్రం బూడిదరంగులో ఉంది. కొండ ముఖం నిన్ననే సున్నం కొట్టినంత తెల్లగా ఉంది. పైన గొర్రెలు కొరికి వదిలిన పొట్టి గడ్డి. వీటి మధ్య ఎవరో పుట్టినరోజు కేకు తెచ్చి నిలబెట్టినట్టుంది ఆ బోర్డు. బంగారు అక్షరాల్లో ‘ముద్దుల చెల్లి’ అని రాసుంది. అడుగున కాస్త చిన్న అక్షరాల్లో, ఈ పేరు ఒక సబ్బుల కంపెనీ వారి సౌజన్యం అని కూడా రాసుంది.

“సబ్బు!” అంది హెస్టర్ పైకే. “కొండకి సబ్బు పేరా? థూ!”

ఆమె కుక్క టాన్సీ ఆ బోర్డు కర్ర చుట్టూ ఒకసారి తిరిగి, వాసన చూసి, అక్కడే చతికిలబడి తన పని కానిచ్చింది. ఆ ఉదయం మొత్తం మీద హెస్టర్‌కి నచ్చిన సంగతి అదొక్కటే.

లండన్‌కి దక్షిణాన ఉన్న ఈ తీరంలో సుద్దకొండలు వరసగా ఎనిమిది. లోకం మాత్రం ‘సెవెన్ సిస్టర్స్’ అంటుంది, ఏడుగురు అక్కచెల్లెళ్ళని. ఎనిమిదోదాన్ని ఎవరు ఎప్పుడు లెక్కలోంచి తీసేశారో ఎవరికీ తెలీదు. కానీ ఇక్కడ పుట్టినవాళ్ళు ఎనిమిదింటినీ పేరుపెట్టే పిలుస్తారు. పడమట నది కలిసే చోట మొదలుపెడితే హేవెన్ బ్రౌ, షార్ట్ బ్రౌ, రఫ్ బ్రౌ, బ్రాస్ పాయింట్, ఫ్లాగ్‌స్టాఫ్ పాయింట్, ఫ్లాట్ హిల్, బేలీస్ హిల్, చివర వెంట్ హిల్. ఈ పేర్లు ముచ్చటకి పెట్టుకున్నవి కావు. కొండ కిందికి వెళ్ళి చూస్తే అంతా ఒకటే తెలుపు, ఒకటే గోడ. పోటు ఎక్కితే వెనక్కి దారి ఉండదు. అప్పుడు పైనున్న వాళ్ళకీ కాపాడ్డానికి బోటులో వచ్చేవాళ్ళకీ చెప్పుకోవడానికి మనిషి దగ్గర మిగిలేది ఆ పేరొక్కటే. పేరు సరిగ్గా చెప్తే బోటు సరిగ్గా వస్తుంది.

అందుకే హెస్టర్ తండ్రి ఆమెకి ఆ పేర్లు తిండితో నేర్పాడు. ప్లమ్ హెవీ అని, పంది కొవ్వూ ఎండుద్రాక్షా వేసి కాల్చే బరువైన రొట్టె ఒకటి ఉంటుంది. దాన్ని ఎనిమిది ముక్కలు చేసి జేబులో వేసుకుని, పిల్లని వెంటబెట్టుకుని, ఎనిమిది కొండలూ ఎక్కి దిగేవాడు. ప్రతి కొండ నెత్తి మీదా ఆగి “ఇదేంటి?” అని అడగడం, పేరు చెప్తే ముక్క నోట్లో పెట్టడం. చెప్పకపోతే ఆ ముక్క కుక్కకి. ఏడిచినా, బతిమాలినా, కాళ్ళు పట్టుకున్నా ఇంకో ముక్క లేదు. పెల్లింగ్‌ల ఇంట్లోనే కాదు, బోటు నడిపే ప్రతి ఇంట్లోనూ అంతే.

హెస్టర్‌కి పిల్లల్లేరు. అన్న కొడుకు గావిన్‌కి ఆమే నేర్పింది. వాడు చురుకైనవాడే కానీ ఒక్క చోట మాత్రం ప్రతిసారీ తప్పిపోయేవాడు. ఆరోది, ఫ్లాట్ హిల్. దానికి చెప్పుకోదగ్గ శిఖరం లేదు, పైన ఎవరో కూర్చుని లేచినట్టు చప్పగా ఉంటుంది. వాడు సముద్రం వైపు చూసేవాడు, తన బూట్ల వైపు చూసేవాడు, చివరికి కుక్క వైపు చూసేవాడు. అప్పటి కుక్క పేరు రస్టీ. ఫ్లాగ్‌స్టాఫ్ దాటగానే దానికి నోరూరడం మొదలయ్యేది. ఆరేడు వేసవులు వరసగా ఆ ముక్క అదే తింది. “అత్తా, ఇది కుక్క తినే కొండ” అనేవాడు గావిన్ ఉక్రోషంగా, ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు.

ఆ గావినే ఇప్పుడు గులాబీ బోర్డుల మేనేజరు.

లండన్ నించి వచ్చిన ఒక కంపెనీకి ఈ కొండల మీద టూర్లు తిప్పే కాంట్రాక్టు, పెళ్ళి ఫోటోలు తీయించే కాంట్రాక్టు దక్కాయి. ఊరివాడు ఒకడుంటే బాగుంటుందని గావిన్‌ని పెట్టుకున్నారు. ప్రతి వసంతంలోనూ కొండలకి పేర్లు అమ్ముతారు. ఎవరు డబ్బిస్తే వాళ్ళకి నచ్చిన పేరు, నచ్చిన కొండ మీద. పోయినేడు షార్ట్ బ్రౌ మీదున్న ‘పెళ్ళికూతురు చెల్లి’ ఈ ఏడు బోర్డుతో సహా లేచి ఫ్లాగ్‌స్టాఫ్ మీదికి వచ్చి కూర్చుంది. ఇక ఏడుగురు అని పేరుండగా ఎనిమిది బోర్డులు పెడితే వచ్చినవాళ్ళు గొణుగుతారని ఫ్లాట్ హిల్‌ని మొత్తానికే ఎత్తేశారు. కరపత్రం మీది బొమ్మలో ఫ్లాగ్‌స్టాఫ్ పక్కన నేరుగా బేలీస్ హిల్ ఉంటుంది. మధ్యలో కొండ లేదు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాపలా గుడిసెలో దుర్భిణీ పట్టుకుని కూర్చోవడం హెస్టర్ స్వచ్ఛందంగా ఒప్పుకున్న పని. వారానికి మూడు రోజులు. ఆ దుర్భిణీలోంచి ఆమె చూడని రోత లేదు. లోపల డొల్లగా ఉన్న అంచు మీద కూర్చుని కాళ్ళు గాల్లో ఆడించేవాళ్ళు, చంటిపిల్లని అంచు దాకా ఎత్తి ఫోటో దిగేవాళ్ళు, వాడిన డైపర్లు ముళ్ళపొదలో గుచ్చి పోయేవాళ్ళు. మనుషుల్ని చూస్తే ఆమెకి అసహ్యం వేయడం మామూలైపోయింది. కానీ బోర్డులు చూసినప్పుడు వేసే అసహ్యం వేరు. అది సొంత ఇంట్లోంచి వచ్చింది కాబట్టి గొంతులోనే అడ్డంపడి ఉండిపోయేది.

మార్చిలో ఊరి హాల్లో మీటింగు పెట్టినప్పుడు ఆమె లేచి నిలబడింది.

“ఏరా గావిన్, రేపు కింద ఎవడో ఇరుక్కుని ‘పెళ్ళికూతురు దగ్గరున్నా’ అని ఫోన్ చేస్తాడు. ఏ పెళ్ళికూతురు? పోయినేటిదా, ఈ యేటిదా?”

“అత్తా, అందరి ఫోన్లోనూ మ్యాపుంటుంది ఇప్పుడు.”

“కొండ కింద నీ ఫోను ఏ దేశంలో ఉంటుందో చెప్పు అందరికీ.”

హాలంతా నవ్వింది. కొండ కిందికి దిగితే ఫోన్లు సముద్రానికి అవతలున్న ఫ్రాన్స్ టవరు పట్టుకుంటాయని, గడియారం గంట ముందుకి దూకుతుందని అక్కడ అందరికీ తెలుసు.

గావిన్ కూడా నవ్వాడు, లండన్ నవ్వు, పళ్ళు కనిపించేదీ కళ్ళు కలవనిదీ. “పాత పేర్లు ఎవరికి కావాలత్తా? బ్రౌ, హిల్, పాయింటు... వాటికి గ్లామర్ లేదు.”

“మరి ఫ్లాట్ హిల్‌ని ఎందుకు మింగావురా?”

“అది ఎవరి చెల్లీ కాదు. దాన్నెవరు చూస్తారు?”

“దాని కింద ఎవడన్నా చచ్చినరోజు చూస్తారు” అని ఆమె కూర్చుంది. అంతమంది మధ్య సొంత మేనల్లుడి మీద ఉమ్మలేదు, అదే తను చేసిన మర్యాద అనుకుంది.

జూన్‌లో ఒక శనివారం, మధ్యాహ్నం మూడింటికి సముద్రం మీంచి పొగమంచు వచ్చింది. ఎండ కాస్తుండగానే వచ్చి ఒక్కొక్క కొండనీ తుడిచేసింది. గుడిసెలో హెస్టర్ దుర్భిణీ కింద పెట్టేసి రేడియో దగ్గరికి జరిగింది. పోటు ఎక్కుతోంది. పావుగంటకి రేడియో పలికింది. బోటు నడిపే మెర్విన్ టప్పెన్, ఆమె పక్కింటివాడు.

“అక్కా, కింద ముగ్గురున్నారంట. పెళ్ళి ఫోటోల బాపతు. పెళ్ళికొడుకు ఫోన్ చేశాడంట. సుద్ద పెళ్ళ విరిగిపడి ఒకడి కాలు నలిగింది, నీళ్ళు మోకాళ్ళకొచ్చినయ్యంట. ‘పెళ్ళికూతురు చెల్లి’ దగ్గర అన్నాడంట, అంతే, లైను తెగిపోయింది. ఫోనేమో సముద్రం మధ్యలో చూపిస్తోంది. మేం షార్ట్ బ్రౌకి వెళ్తున్నాం.”

“షార్ట్ బ్రౌ ఎందుకురా?”

“మా గోడ మీద కరపత్రముందిగా. పెళ్ళికూతురు షార్ట్ బ్రౌ మీదేగా.”

“అది పోయినేటి కాయితం, మెర్విన్! ఈ ఏడు ఫ్లాగ్‌స్టాఫ్ మీద పెట్టారు దాన్ని.”

రేడియోలో మెర్విన్ ఒక బూతు తిట్టాడు. దాన్ని హెస్టర్ విననట్టు ఊరుకుంది, ఎందుకంటే తనూ అదే తిట్టబోయింది. “సరే, తిప్పుతున్నా” అన్నాడు. “కానీ అక్కా, ఆ మంచులో నాకు ముక్కు ముందు చెయ్యి కనపడట్లా. కింద రాళ్ళు. ఒక్క చోటికే దూరగలను, వెతుక్కుంటూ గోడెంట తిరగలేను. ఫ్లాగ్‌స్టాఫేనా, ఖాయమేనా?”

ఖాయమేనా? ఫోటో కోసం మొదలైన చోటు ఫ్లాగ్‌స్టాఫ్ కావచ్చు. పోటు తరుముతుంటే వాళ్ళు అక్కడే నిలబడి ఉంటారా? కొండ పైకెక్కే మెట్లున్న వైపుకి, తూర్పుకి, పరిగెత్తి ఉంటారు. ఎంత దూరం పరిగెత్తారో పెళ్ళికొడుక్కి తెలిసుండదు. వాడికి తెలిసినవి బోర్డులు, కింద నించి చూస్తే బోర్డులు కనపడవు. ఆ మూడోవాడు ఎవడో హెస్టర్‌కి ఎవరూ చెప్పలేదు. అయినా ఆమె ఊహించేసింది. శనివారం పెళ్ళి జంటల్ని గావిన్ తనే తీసుకెళ్ళి ఫోటోలు తీస్తాడు.

అప్పుడు గుడిసెలో గోడకున్న పాత ల్యాండ్‌లైను మోగింది. ఆ నంబరు ముప్ఫై ఏళ్ళుగా మారలేదు. దాన్ని కంఠతా చెప్పగలిగేవాళ్ళు ఊళ్ళో పదిమంది కూడా ఉండరు.

“అత్తా...”

“ఎక్కడున్నావురా? పేరు చెప్పు.”

గరగరమని చప్పుడు. వెనక ఒక ఆడమనిషి ఏడుపు, అల విరిగిన శబ్దం. “పెళ్ళికూతురు దగ్గర మొదలుపెట్టి... ఇటు వచ్చాం... కాలు...”

“ఆ కూతలు నా దగ్గర కూయకు! కొండ పేరు చెప్పు, గావిన్. పేరు!”

“తెలుసు అత్తా, చోటు తెలుసు, పేరు రావట్లా... నోటికి రావట్లా...” మళ్ళీ గరగర. హెస్టర్ ఫోనుని చెవికి నొక్కుకుంటే కమ్మ గుచ్చుకుని రక్తం వచ్చింది, ఆ సంగతి ఆమె తర్వాత చూసుకుంది. దూరంగా, ముప్ఫై ఏళ్ళ అవతల నించి అన్నట్టు, వాడి గొంతు ఒక్కసారి తేటగా వినిపించింది. “కుక్క తిన్నది! అత్తా, కుక్క తిన్నది!”

లైను తెగింది.

హెస్టర్ రేడియో అందుకుంది. “మెర్విన్, ఫ్లాట్ హిల్. ఫ్లాట్ హిల్ కింద.”

“ఫ్లాట్ హిల్లా? బోర్డే లేదుగా అక్కడ...”

“బోర్డు సంగతి నీకెందుకురా, వెళ్ళు! ఫ్లాగ్‌స్టాఫ్ దాటి, చప్పగా ఉండే దాని కింద.”

“దాని దారి నాకు తెలుసు” అన్నాడు మెర్విన్. తెలియక ఏం, వాడూ రొట్టె తిన్నవాడే.

ఇరవై రెండు నిమిషాలు రేడియో ఊరుకుంది. హెస్టర్ దేవుణ్ణి తలుచుకోలేదు, తిట్టుకుంటూ కూర్చుంది. సబ్బుల కంపెనీని తిట్టింది, లండన్‌ని తిట్టింది, గులాబీరంగుని కనిపెట్టినవాణ్ణి తిట్టింది. గావిన్‌ని మాత్రం తిట్టలేదు. టాన్సీ ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. తర్వాత మెర్విన్ గొంతు వచ్చింది.

“ముగ్గురూ ఉన్నారక్కా. సుద్దకుప్ప మీద నిలబడున్నారు, నడుముదాకా నీళ్ళు. మీవాడి మడమ నుజ్జయింది. ఇంకో పది నిమిషాలైతే...”

రేవులో, దుప్పటి కప్పి కూర్చోబెట్టిన గావిన్ నీలంగా మారిన పెదాలతో అత్త చెయ్యి పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. “మళ్ళీ నేర్పత్తా” అన్నాడు. “అన్నీ మళ్ళీ నేర్పు. ఆ బోర్డులన్నీ పీకించేస్తాను.” హెస్టర్ కళ్ళనీళ్ళతోనే ఆ తడి జుట్టు మీద చెయ్యి పెట్టింది. మూడు నెలలుగా గొంతులో ఉన్న రోత ఆ రోజు కాస్త కిందికి దిగింది. వాణ్ణి ఆస్పత్రి బండి ఎక్కించేశారు.

మూడు వారాలయ్యాక, కట్టు విప్పకుండానే వస్తున్నానని గావిన్ ఫోన్ చేశాడు. హెస్టర్ తెల్లారే లేచి పిండి కలిపింది. కొండలెక్కలేడు కాబట్టి వంటగది బల్ల దగ్గరే కానిద్దామనుకుంది. రొట్టెని ఎనిమిది ముక్కలు కోసి పళ్ళెంలో వరసగా పేర్చింది. ముక్కలు చూసి ఆమెకే నవ్వొచ్చింది, నలభై ఏళ్ళవాడికి తినిపించబోతున్నందుకు.

గావిన్ చంక కర్రల మీద వచ్చాడు. వెనక టాక్సీవాడు గోనెలో చుట్టిన పెద్ద పలక ఒకటి తెచ్చి గోడకి ఆనించి పోయాడు. టాన్సీ దాన్ని వాసన చూసింది.

“కూర్చో ముందు” అంది హెస్టర్. “మొదలుపెట్టు.”

వాడు పళ్ళెం చూసి నవ్వాడు, ఈసారి పాత నవ్వే. “హేవెన్ బ్రౌ.” ముక్క తిన్నాడు. “షార్ట్ బ్రౌ. రఫ్ బ్రౌ. అబ్బ, ఎన్నాళ్ళయిందత్తా ఈ రొట్టె తిని... బ్రాస్ పాయింట్. ఫ్లాగ్‌స్టాఫ్.”

ఐదు ముక్కలు అయిపోయాయి. హెస్టర్ ఆరోదాని మీద వేలు పెట్టింది.

“ఆగత్తా, దీనికోసమే వచ్చా.” గావిన్ ఉత్సాహంగా వంగి గోనె లాగేశాడు.

గులాబీ బోర్డు. మిగతావాటికన్నా పెద్దది. దాని మీద హెస్టర్ మొహం, రేవులో ఎవరో తీసిన ఫోటో, కన్నీళ్ళతో సహా. పక్కన నవ్వుతున్న కుక్క బొమ్మ. బంగారు అక్షరాల్లో ‘కుక్క తిన్న చెల్లి’. అడుగున, ఒక కుక్క బిస్కట్ల కంపెనీ వారి సౌజన్యం.

“పేపర్లో మన కథ చూసి వాళ్ళే పిలిచారత్తా! ఎనిమిదో బోర్డుకి లండన్ కూడా సరేనంది. నీకు కావలసింది అదేగా? ఫ్లా... దాన్ని మళ్ళీ మ్యాపులో పెట్టాం. నువ్వూ ఉన్నావు, రస్టీ ఉంది. జనం వచ్చి అంచు మీద నిలబడి కుక్కకి బిస్కట్ పెట్టి ఫోటో దిగుతారు. ఐడియా నాదే.”

హెస్టర్ ఆ ఫోటోలోని తన మొహం చూసింది. ఆ మొహం వాడి కోసం ఏడ్చిన మొహం. రెండు చేతులూ ఏప్రన్‌కి తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు.

“బోర్డులు పీకిస్తానన్నావు.”

“అప్పుడు చలిలో ఏదో అన్నాను. ఉద్యోగం పోతుందత్తా.”

“సరే. దీని పేరేంటి?”

“చెప్పాగా, కుక్క...”

“అది కాదురా. నువ్వు నడుంలోతు నీళ్ళలో నిలబడ్డావే, దాని పేరు. ఇందాక ‘ఫ్లా’ అన్నావే.”

గావిన్ నోరు తెరిచాడు. పళ్ళెం వైపు చూశాడు, కట్టు కట్టిన కాలి వైపు చూశాడు. “ఫ్లాగ్... కాదు, అది అయిపోయింది. ఫ్లా... నాలిక మీదే ఉందత్తా.”

“ఆ రోజు రేడియోలో నేను మెర్విన్‌కి చెప్పాను. నీకు చెప్పలేదు. నిన్ను ఎక్కణ్ణించి తీసుకొచ్చారో ఈ మూడు వారాల్లో ఒక్కసారైనా ఎవరినైనా అడిగావా?”

“అడగాలని తట్టలేదత్తా” అన్నాడు వాడు. అబద్ధం చెప్పకపోవడం ఒక్కటే వాడిలో మిగిలిన పెల్లింగ్ గుణం.

హెస్టర్ ఆరో ముక్క తీసింది. గావిన్ చెయ్యి అలవాటు కొద్దీ కాస్త ముందుకి వచ్చింది. ఆమె ఆ చెయ్యి మీదుగా వంగి, ముక్కని టాన్సీకి వేసింది. టాన్సీ నమలకుండానే మింగేసి, ఇంకేమన్నా ఉందా అని తల ఎత్తి చూసింది.

మిగిలిన రెండు ముక్కలూ హెస్టర్ డబ్బాలో వేసి మూత పెట్టేసింది.